బాణం ఒకటా, రెండా?

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. చూపు గురించి రాసేవాళ్లకు కొదవలేదు, ముక్కు జోలికి వెళ్లేవాళ్లే తక్కువ. ముక్కులోని ఒక్కో ఘ్రాణకణంలో సాధారణంగా ఒకే రకం గ్రాహకం (వాసన అణువును పట్టే ప్రోటీన్) ఉంటుందనీ, ఒకే గ్రాహకమున్న కణాల తంతువులు మెదడులో వాసన కబుర్లు ముందుగా చేరే ఆల్ఫాక్టరీ బల్బ్‌లో గ్లోమెరులస్ అనే చిన్న ఉండల్లో కలుస్తాయనీ రాసిన పేరాలో నేను కలం పెట్టలేదు. ఆ గ్రాహకాల జన్యువులను 1991లో శాస్త్రవేత్తలు లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ ప్రకటించారన్న మాటా సరిగ్గానే ఉంది.

నా పేచీ ఆ తర్వాతి వాక్యంతో. నాడీకణాలు పోస్ట్‌మ్యాన్‌లలా కబురును చేతులు మారుస్తాయన్నావు. చాలా సినాప్సులకు, అంటే ఒక నాడీకణం మరోదానికి కబురు అందించే చోట్లకు, ఈ పోలిక నప్పుతుంది. ఒక కణం ఆక్సాన్ (కబురు పంపే పొడవాటి తీగ) కొస రసాయనాన్ని వదులుతుంది, అవతలి కణం డెండ్రైట్ (కబురు అందుకునే కొమ్మ) అందుకుంటుంది. కానీ నువ్వు ఎంచుకున్న చోటే అది బోర్లా పడింది.

ఆ బల్బ్‌లోని గ్రాన్యూల్ కణం అనే చిన్న నాడీకణాన్ని చూడు. దానికి ఆక్సానే లేదు! ఇటలీ శాస్త్రవేత్త గోల్జీ కాలం నుంచీ తెలిసిన సంగతే. మరి అది మాట ఎలా బయటపెడుతుంది? రాల్, షెపర్డ్ అనే శాస్త్రవేత్తలు, వాసన కబురును బల్బ్ నుంచి ముందుకు పంపే మైట్రల్ కణాల విద్యుత్ లెక్కలు కట్టి, డెండ్రైట్లు డెండ్రైట్లతోనే మాట్లాడుకుంటూ ఉండాలన్నారు. రీస్, బ్రైట్‌మన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో సరిగ్గా అదే చూశారు. 1966లో నలుగురి పేర్లతో ఆ సంగతి వెలువడింది. లెక్క కట్టినవాళ్లూ, కంటితో చూసినవాళ్లూ ఒకేచోట కలుసుకున్న ఈ కథ నీ వ్యాసంలో ఒక్క ముక్కైనా లేదు. నాకు కడుపు మండింది.

జరిగేది ఇదీ. మైట్రల్ డెండ్రైట్ గ్లుటమేట్ అనే ఉత్తేజపరిచే రసాయనాన్ని వదులుతుంది. దాన్ని ఆనుకున్న గ్రాన్యూల్ కణపు ముల్లు (డెండ్రైట్ మీది చిన్న మొన) ఉత్తేజపడి, అదే డెండ్రైట్ మీదికి గాబా అనే అణచే రసాయనాన్ని వదిలి దాని జోరు తగ్గిస్తుంది. మాట్లాడించిన నోటినే మూయించడమన్నమాట. ఉత్తేజం ఆ ముల్లు దాటి పాకితే ఇరుగుపొరుగు మైట్రల్ కణాలూ గొంతు తగ్గిస్తాయి. దగ్గరి వాసనలను వేరుచేయడానికి ఇది తోడ్పడుతుందని చాలామంది భావిస్తారు. నువ్వూ అంతవరకే రాయి, 'తేలింది' అనకు.

రెండు వైపులా నడిచే ఒకే సినాప్స్ అని మాత్రం రాయకు. అవి పక్కపక్కనే ఉన్న రెండు సినాప్సులు, దేని దారి దానిదే. ఈ జాగ్రత్త నాకు అనుభవం మీద వచ్చింది. ఒకప్పుడు సినాప్సును వంతెన అని రాశాను. 'అయితే కబురు అదే వంతెన మీద వెనక్కీ నడుస్తుందా?' అని ఓ పాఠకుడు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. సినాప్సులో రెండు కణాల మధ్య సందు సుమారు 20 నానోమీటర్లు ఉంటుందని తెలుసుకున్నది కూడా ఆ తర్వాతే.

చివర్లో వాసన జ్ఞాపకాల తలుపు తడుతుందన్న పేరా ఉంది చూడు, కొట్టేశాను. ఆ జాగాలోకి గ్రాన్యూల్ కణాన్ని తీసుకురా.

తిరగరాసే ముందు ఒక బొమ్మ గీసి పంపు. రెండు డెండ్రైట్లు, మధ్యన సందు, బాణాలు, చాలు. బాణం ఒకటే ఉంటే తిప్పి పంపేస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు