రిపోర్టులో 'నార్మల్' అని ఉంది కదా, నాన్నగారికి కొలెస్ట్రాల్ మాత్ర ఆపొచ్చా?

ఆమదాలవలస నుంచి మీరు అడిగింది ఇదీ: నాన్నగారికి 58 ఏళ్లు. పోయిన ఏడాది గుండెపోటు వచ్చి ఒక స్టెంట్ వేశారు. అప్పుడు ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, 142; మొన్నటి రిపోర్టులో 78. పక్కనే '100 లోపు నార్మల్' అని అచ్చు వేసి ఉన్నా డాక్టరు ఎజెటిమైబ్ అనే ఇంకో మాత్ర కలిపారు. నాన్నగారేమో ఏడాది దాటింది, కొలెస్ట్రాల్ కూడా దిగింది, ఇక ఆపేస్తానంటున్నారు.

ఆపనివ్వకండి. నేను డాక్టర్ని కాను, విజయనగరంలో కిరాణా షాపు నడుపుకునేవాణ్ణి. కానీ ఆయన ఇప్పుడు అనుకుంటున్నదే 2015లో నేనూ అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, అదే పొరపాటు.

2013 నవంబరులో, నాకు 46 ఏళ్లప్పుడు, షాపులో బస్తాలు దింపిస్తుంటే ఎడమ జబ్బ లాగి ఒళ్లంతా చెమట పట్టింది. గ్యాసనుకుని సోడా తాగి గంటన్నర కూర్చున్నాను. (ఈ సోడా కథ గుండెపోటు వచ్చిన ప్రతివాడి దగ్గరా ఒకటి ఉంటుంది.) తర్వాత ఈసీజీ, గడ్డ కరిగించే ఇంజక్షన్, అంబులెన్సులో విశాఖపట్నం, మర్నాడు స్టెంట్. అప్పటి ఎల్‌డీఎల్ 148. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మాత్ర, అటోర్వాస్టాటిన్ 80, రాశారు. మూడో నెలకి 66కి వచ్చింది.

ఏడాది దాటాక డాక్టరు 'రక్తం పలచన చేసే మాత్రలు రెండూ అక్కర్లేదు, ఇక ఆస్పిరిన్ ఒక్కటి చాలు' అన్నారు. ఆయన అన్నది అంతే. నేను బస్సు దిగి ఇంటికొచ్చేసరికి అది 'మాత్రలు తగ్గించుకోవచ్చు' అయిపోయింది. చేతిలో రిపోర్టు చూస్తే అన్నీ నార్మల్. రాత్రి వేసుకునే కొలెస్ట్రాల్ మాత్ర లివర్ని పాడు చేస్తుందని షాపుకొచ్చే ఒకాయన ఎప్పట్నుంచో చెవిలో పోరుతున్నాడు. డాక్టరు ఆపమన్న రక్తం పలచన మాత్ర క్లోపిడోగ్రెల్‌తో పాటు దాన్నీ మానేశాను. ఇంట్లో చెప్పలేదు.

ఏడాదిన్నర పైనే హాయిగా గడిచింది. చిక్కల్లా అక్కడే. కొలెస్ట్రాల్ పెరిగితే నొప్పి ఉండదు, నీరసం ఉండదు, ఏమీ తెలియదు. 2016లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున కోట దగ్గర జనంలో నడుస్తుంటే ఛాతీ పట్టేసింది. ఆగితే వదులుతుంది, నాలుగడుగులు వేస్తే మళ్లీ పట్టుకుంటుంది. పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్ 151, అంటే మొదటికే వచ్చింది. యాంజియోగ్రాంలో పాత స్టెంట్ శుభ్రంగా ఉంది, బ్లాకు వేరే రక్తనాళంలో వచ్చింది. రెండో స్టెంట్ పడింది. మాత్ర మానకపోయి ఉంటే ఆ బ్లాకు వచ్చేదే కాదని ప్రమాణం చేసి చెప్పలేను. డాక్టరు మాత్రం ఒక మాట అన్నారు: 'కాలువలో ఒకచోట పూడిక తీశాం. మట్టి కొట్టుకొచ్చే నీళ్లు అవే కదా.'

ఇక మీ రిపోర్టు. ల్యాబు అచ్చువేసే ఆ 'నార్మల్' గుండెజబ్బు లేనివాళ్ల కోసం. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్ల లెక్క వేరు. యూరప్ గుండె వైద్యుల 2019 మార్గదర్శకాల ప్రకారం ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలి, అదీ మందు మొదలుపెట్టక ముందున్న దానిలో కనీసం సగానికి పడిపోవాలి. మన లిపిడ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఇంకా కిందకి, 50 లోపు ఉండాలంటుంది. మీ నాన్నగారికి 142లో సగం 71. ఇప్పుడున్నది 78. అంటే సగానికీ దిగలేదు, 55కీ చేరలేదు. డాక్టరు రెండో మాత్ర కలపడానికి కారణం అదే.

ఇంకోటి కూడా చూడండి. చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవవు, లెక్క కడతాయి. మొత్తం కొలెస్ట్రాల్లోంచి హెచ్‌డీఎల్‌నీ (మంచి కొలెస్ట్రాల్), ట్రైగ్లిజరైడ్లలో (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) అయిదో వంతునీ తీసేస్తాయి. మీరు పెట్టిన అంకెలు వరుసగా 150, 36, 180. 180లో అయిదో వంతు 36. 150 లోంచి 36, మళ్లీ 36 తీస్తే మీ 78 వస్తుంది. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువున్నప్పుడు ఈ లెక్క తప్పుతుంది, 400 దాటితే అసలు పనికిరాదు. అందుకే మొత్తంలోంచి హెచ్‌డీఎల్ ఒక్కటే తీసేసి 'నాన్ హెచ్‌డీఎల్' కూడా చూస్తారు. అది 85 లోపు ఉండాలి. మీ నాన్నగారిది 114.

ఉన్న మాత్రనే డబుల్ చేయొచ్చు కదా అని నేనూ అడిగాను. స్టాటిన్ డోసు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ ఇంకో ఆరు శాతం తగ్గుతుందట, అంతే. స్టాటిన్ లివర్‌లో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది. మీరు రాసిన ఎజెటిమైబ్ పేగుల్లోంచి లోపలికి వెళ్లేదాన్ని అడ్డుకుంటుంది. దారి వేరు కాబట్టి దాదాపు ఇరవై శాతం దిగుతుంది. నేను ఇప్పుడు రోసువాస్టాటిన్ 20, ఎజెటిమైబ్ 10 కలిపిన మాత్ర వాడుతున్నాను. ఎల్‌డీఎల్ 45, 50 మధ్య ఆడుతోంది.

నాన్నగారు 'ఇదంతా మందుల కంపెనీల వ్యాపారం' అంటే ఈ సంగతి చెప్పండి. 1994లో స్కాండినేవియా దేశాల్లో గుండెజబ్బున్న 4,444 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. సగం మందికి సిమ్వాస్టాటిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి అయిదేళ్లకు పైగా చూశారు. అసలు మాత్ర వేసుకున్నవాళ్లలో మరణాలు 30 శాతం తక్కువ. ఆ తర్వాత వచ్చిన పరీక్షలన్నీ కలిపి కట్టిన లెక్కలో, ఎల్‌డీఎల్ ప్రతి 39 తగ్గినప్పుడల్లా గుండెపోటు, పక్షవాతం, మళ్లీ స్టెంట్ పడటం వంటివి సుమారు అయిదో వంతు తగ్గాయి.

స్టాటిన్‌తో కాళ్ల నొప్పులు వస్తాయంటారు, నాకూ వచ్చాయి. డాక్టరు కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీకే అనే రక్తపరీక్ష చేయించి, బాగానే ఉందని మందు మార్చారు. కొన్నాళ్లకి తగ్గాయి. మందు వల్లా, భయం వల్లా అని ఇప్పటికీ నాకు అనుమానమే. లండన్‌లో నొప్పులని స్టాటిన్ మానేసిన 60 మందికి ఒక నెల అసలు మాత్ర, ఒక నెల ఉత్తుత్తి మాత్ర, ఒక నెల ఏమీ లేకుండా మార్చి మార్చి చూశారు. 2020లో ఫలితాలు వచ్చాయి. అసలు మాత్రతో పడ్డ బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ పడ్డారు! అలాగని నొప్పి వస్తే ఓర్చుకోమని కాదు, సొంతంగా మానకుండా వెళ్లి చెప్పమంటున్నాను. మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం అదే రోజు వెళ్లాలి. షుగరు కొద్దిగా పెరిగే అవకాశం ఉంది, దాన్ని చూసుకుంటూ ఉంటారు.

మీ అమ్మగారిది సోంపేట వైపని రాశారు. నాన్నగారు కూడా అక్కడే ఉండొచ్చారంటే క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) రిపోర్టు డాక్టరుకి తప్పకుండా చూపించండి. ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి రోసువాస్టాటిన్ డోసు తగ్గించాలి, అటోర్వాస్టాటిన్‌కి ఆ బాధ లేదు. మోకాళ్ల నొప్పులకి మందుల షాపులో అడిగి మాత్రలు కొనుక్కునే అలవాటుంటే అదీ చెప్పండి.

తిండి గురించి, నూనెలు అమ్మేవాడిగా ఒక మాట. ప్యాకెట్ మీద 'కొలెస్ట్రాల్ లేదు' అని కనిపిస్తే మోసపోకండి. ఏ మొక్క నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. నా షాపులో ఎక్కువ పోయేది పామాయిలు. అందులోనూ లేదు, కానీ సుమారు సగం గట్టి కొవ్వే, ఎల్‌డీఎల్‌ని పెంచేది అదే. మా ఇంట్లో నువ్వుల నూనె, వేరుశనగ నూనె కొద్దికొద్దిగా వాడతాం. పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగుతాను, అయ్యకోనేరు చుట్టూ నడుస్తాను. వీటితో బరువు, ట్రైగ్లిజరైడ్లు దిగాయి. కానీ మాత్ర లేకుండా ఉన్న రోజుల్లోనూ అంబలి తాగాను, 151 వచ్చింది. చుట్టగానీ బీడీగానీ ఉంటే అది వేరే పంచాయితీ, పూర్తిగా మానాల్సిందే.

కొత్త మాత్ర మొదలుపెట్టాక ఆరు నుంచి పన్నెండు వారాల్లో మళ్లీ పరీక్ష చేయించండి. లైపోప్రోటీన్ ఎ అని ఇంకో రక్తపరీక్ష ఉంది, జన్మకి ఒక్కసారి చేయిస్తే చాలు, వంశంలో వచ్చేది. ఎక్కువుంటే మీరూ, మీ తమ్ముడూ చేయించుకోవాలి. ఎలాగూ మీ ఇద్దరి లిపిడ్ ప్రొఫైల్ ఒకసారి చూసుకోండి.

అన్నిటికంటే ముందు ఇవాళే నాన్నగారి మాత్రల డబ్బా తీసి స్ట్రిప్పులు లెక్కపెట్టండి. ఆపేస్తానంటున్నాయన ఇప్పటికే ఆపేసి ఉండొచ్చు. నేను ఇంట్లో అనుమానం రాకూడదని నెలనెలా కొంటూనే ఉండేవాణ్ణి. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు డబ్బు కోసం గల్లాపెట్టె తీసిన మా ఆవిడకి, కింది అరలో ఒక్క మాత్ర కూడా చింపని స్ట్రిప్పులు కట్టలు కట్టలుగా దొరికాయి.