శనివారం మా అబ్బాయి ఫోనెత్తడు

పోయిన సంచికలో ఎవరికో జవాబు రాస్తూ, నేను నోటర్ డేమ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్‌కి వీరాభిమానినని ఒక ముక్క అన్నాను. ఈ నెల ఉత్తరాలు చూస్తే చాలావరకు దాని గురించే. అందుకని ఈసారి అత్తాకోడళ్ల తగువులు, వీసా కష్టాలు పక్కనపెట్టి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలో నోటర్ డేమ్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. క్యాథలిక్ యూనివర్సిటీ కదా, గుడికి దగ్గరగా ఉంటాడని సంతోషంగా పంపాం. సెప్టెంబర్ వచ్చిందంటే చాలు, శనివారం ఫోనెత్తడు. అడిగితే 'మ్యాచ్ ఉందమ్మా' అంటాడు. మొహానికి రంగు పూసుకున్న ఫొటోలు. పైగా లైబ్రరీ గోడ మీద పెద్ద యేసుప్రభువు చిత్రం చూపించి దానికేదో ఆట పేరు చెప్పాడు. ఇదేం భక్తి అక్కా? చదువు ఏమైపోతుందోనని టెన్షన్‌గా ఉంది. — ఒక తల్లి, గుంటూరు

జవాబు: చెల్లెమ్మా, ముందు ఫోన్ సంగతి తేల్చేద్దాం. అక్కడ మధ్యాహ్నం 3:30కి మ్యాచ్ మొదలైతే మనకి అర్ధరాత్రి దాటి ఒంటిగంట. ఆట మూడున్నర గంటలు పడుతుంది. అంటే ముగిసేసరికి మనకి ఆదివారం తెల్లవారుజాము నాలుగున్నర. మీరు ఉదయం పూజకి బయల్దేరే ముందు ఆరున్నరకి ఫోన్ చెయ్యండి, వాడు అప్పటికి గదికి చేరి అన్నం తింటూ ఉంటాడు. నవంబర్ మొదట్లో అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి అప్పట్నుంచి ఏడున్నరకి. 'తిన్నావా' అనే ముందు 'ఏమైందిరా, గెలిచారా' అని అడిగి చూడండి, రోజూ రెండు ముక్కలతో సరిపెట్టేవాడు అరగంట మాట్లాడతాడు. చదువు పాడవుతుందని బెంగపడకండి, సొంత మైదానంలో ఆడే మ్యాచ్‌లు ఏడాదికి ఆరో ఏడో అంతే.

ఆట కూడా కాస్త తెలుసుకోండి, వాడితో మాట్లాడటానికి పనికొస్తుంది. ఇది మనం చూసే ఫుట్‌బాల్ కాదు. కబడ్డీలాగా ఒళ్లూ ఒళ్లూ తగిలే ఆట, అడుగడుగూ గెలుచుకుంటూ పోవాలి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి వెళ్లగలిగితే మళ్లీ నాలుగు అవకాశాలు, లేకపోతే బంతి అవతలివాళ్లది. బంతితో చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. అప్పుడు రిఫరీ రెండు చేతులూ నిటారుగా పైకెత్తుతాడు.

ఆ గోడ మీది చిత్రం సంగతి ఇక్కడే ఉంది. 1963లో తెరిచిన లైబ్రరీ అది. దాని గోడ మీద 134 అడుగుల ఎత్తుతో, రంగురంగుల రాతి ముక్కలతో కూర్చిన చిత్రంలో క్రీస్తు ప్రభువు బోధకుడిగా చేతులెత్తి నిలబడి ఉంటారు, ఆయన చుట్టూ, కింద యుగయుగాల పునీతులు, పండితులు. ఆ గోడ స్టేడియం వైపుకే ఉంటుంది, చేతులు రిఫరీ సైగలాగే ఉంటాయి, అందుకని పిల్లలు 'టచ్‌డౌన్ జీసస్' అని పిలుచుకుంటారు. మీకు కష్టంగా తోచిందని అర్థమవుతోంది, కానీ అది చనువుతో వచ్చిన పేరే తప్ప ఎగతాళి కాదు. ఆ టీమ్ హెల్మెట్లు బంగారు రంగులో ఎందుకుంటాయో అడగండి మీవాణ్ణి. యూనివర్సిటీ ప్రధాన భవనం మీద బంగారు పూత పూసిన గుమ్మటం ఉంటుంది, దాని శిఖరాన మరియమాత విగ్రహం. ఆ గుమ్మటం రంగే హెల్మెట్లకి. చాలా ఏళ్లపాటు విద్యార్థులే కూర్చుని ఒక్కో హెల్మెట్‌కీ రంగు వేసేవాళ్లు, అందులో అసలు బంగారం పొడి కలిపేవాళ్లు.

ఇంకొకటి. అక్కడ 1896లో కట్టిన లూర్దుమాత గుహ ఉంది. నేను గుణదల కొండ కింద పుట్టి పెరిగినదాన్ని. ఫిబ్రవరి తిరునాళ్లలో గుణదల మాత గుహ ముందు జనం కొవ్వొత్తులు ఎలా వెలిగిస్తారో మీకు చెప్పక్కర్లేదు. అక్కడ మ్యాచ్ రోజు ఉదయం మొహానికి రంగు పూసుకున్న పిల్లలు వరసలో నిలబడి అదే పని చేస్తుంటారు. మ్యాచ్ అయిన అరగంటకి గుడిలో పూజ కూడా ఉంటుంది, అదే చొక్కాలతో, బొంగురుపోయిన గొంతులతో వచ్చి పాడతారు. మీ అబ్బాయి గుడికి దగ్గరగానే ఉన్నాడమ్మా.

ప్రశ్న: నేను హిందువుని, చదివింది కాకినాడలో, ఉద్యోగం షికాగో దగ్గర. ఆఫీసులో ఒక పెద్దాయన వల్ల నాకు నోటర్ డేమ్ పిచ్చి పట్టుకుంది. ఆ టీమ్ పేరు 'ఫైటింగ్ ఐరిష్' కదా, మా తెలుగు స్నేహితులు 'నువ్వు ఐరిష్ కాదు, క్యాథలిక్ కాదు, అక్కడ చదవలేదు, నీకేం సంబంధం' అంటారు. మిషిగన్‌లో చదివిన మా బావ అయితే మరీనూ, కనిపించినప్పుడల్లా 'డిగ్రీ సర్టిఫికెట్ చూపించు' అంటాడు. ఏం చెప్పాలి? — నేపర్‌విల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఈ పేజీ ఫొటో తీసి మీ బావకి పంపండి తమ్ముడూ. అసలు ఆ టీమ్‌ని ఇంతదాన్ని చేసిందే సర్టిఫికెట్ లేని అభిమానులు.

నిజమే, మొదట ఆట నేర్పింది మిషిగన్ వాళ్లే. 1887 నవంబర్ 23న వాళ్లొచ్చి నేర్పించి, 8-0తో ఓడించి వెళ్లారు. ఆ ఘనత మీ బావకి ఇచ్చేద్దాం. తర్వాత చుట్టుపక్కల పెద్ద యూనివర్సిటీల లీగ్‌లో చేరతామని నోటర్ డేమ్ ఎన్నిసార్లు అడిగినా చేర్చుకోలేదు. ఇంటి దగ్గర ఆడేవాళ్లు చాలక, రైలెక్కి దేశమంతా తిరిగారు. 1913లో వెస్ట్ పాయింట్ వెళ్లి సైన్యం అకాడమీ టీమ్‌ని 35-13తో ఓడించారు. అప్పట్లో పెద్దగా ఎవరూ నమ్ముకోని ఎత్తుగడ అది, బంతిని గాల్లో ముందుకి విసిరి అందుకోవడం. ఆ బంతులు అందుకున్న కుర్రాడి పేరు న్యూట్ రాక్నీ. నార్వేలో పుట్టి, ఐదేళ్ల వయసులో షికాగో వచ్చి, అక్కడి పోస్టాఫీసులో పనిచేసి, 22 ఏళ్లకి కాలేజీలో చేరినవాడు. పుట్టుకతో క్యాథలిక్ కూడా కాదు, 1925లో మారాడు. కోచ్‌గా 1918 నుంచి 1930 దాకా 105 విజయాలు, 12 ఓటములు, 5 డ్రాలు. 1931లో విమాన ప్రమాదంలో పోయాడు. ఐరిష్ టీమ్‌కి మూలపురుషుడు నార్వే నుంచి వలస వచ్చినవాడు, ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు 1924 సంగతి. ఆ రోజుల్లో ఇండియానా రాజకీయాలు కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకారుల ముఠా గుప్పిట్లో ఉన్నాయి. నల్లవాళ్లన్నా యూదులన్నా క్యాథలిక్కులన్నా వలస వచ్చినవాళ్లన్నా వాళ్లకి పడదు. ఆ మే నెలలో క్లాన్ నోటర్ డేమ్ పక్కనే ఉన్న సౌత్ బెండ్ ఊళ్లో బలప్రదర్శన పెడితే నోటర్ డేమ్ కుర్రాళ్లు వీధుల్లోకొచ్చి వాళ్ల తెల్ల ముసుగులు లాగేశారు. అదే ఏడు శీతాకాలానికి టీమ్ ఒక్క మ్యాచ్ ఓడకుండా మొదటిసారి జాతీయ ఛాంపియన్ అయింది. న్యూయార్క్‌లో చాకిరీ చేసుకునే ఐరిష్, ఇటాలియన్, పోలిష్ కుటుంబాలకి ఇది ఎలా అనిపించి ఉంటుందో ఊహించండి. కాలేజీ గడప తొక్కనివాళ్లు, ఇండియానా ఎప్పుడూ చూడనివాళ్లు. ఏటా సైన్యం టీమ్‌తో మ్యాచ్ యాంకీ స్టేడియంలో జరిగితే సబ్‌వే రైలెక్కి వేలమంది వచ్చేవాళ్లు. వాళ్లకి 'సబ్‌వే అల్యూమ్నై', అంటే సబ్‌వే పూర్వవిద్యార్థులు, అన్న పేరు వచ్చింది, ఇప్పటికీ ఆ పేరు గౌరవంగానే చెప్పుకుంటారు. 'ఫైటింగ్ ఐరిష్' అన్నది కూడా మొదట బయటివాళ్లు చిన్నచూపుతో అన్న మాటే, 1927లో యూనివర్సిటీ దాన్ని అధికారికంగా తీసుకుంది.

పరాయి దేశమొచ్చి కష్టపడి బతుకుతూ, శనివారం ఒక టీమ్‌ని మాది అనుకున్నవాళ్ల వరసలో మీరూ ఉన్నారు. ఇంకేం సంబంధం కావాలి?

ప్రశ్న: గెలిపించమని మరియమాతకి మొక్కుకోవడం నాకు తప్పనిపిస్తుంది. అవతలివైపు కూడా ఆమె బిడ్డలే కదా? — రిటైర్డ్ టీచర్, సికింద్రాబాద్

జవాబు: నిజమే మాస్టారూ, అవతలివైపూ ఆమె బిడ్డలే. బోస్టన్ కాలేజ్‌తో ఆడినప్పుడైతే రెండూ క్యాథలిక్ యూనివర్సిటీలే, వాళ్లది జెజూయిట్ అనే గురువుల సభ నడిపేది. ఇప్పటి కోచ్ మార్కస్ ఫ్రీమన్ 2022లో క్యాథలిక్ అయ్యాడు, మ్యాచ్‌కి ముందు టీమంతా పూజకి వెళ్లే పాత పద్ధతిని మళ్లీ తెచ్చాడు. అది నాకు చాలా నచ్చింది. నా మటుకు నేను కొవ్వొత్తి వెలిగించేది ఎవరి ఎముకా విరగకూడదని. ఆ ఆటలో దెబ్బలు మామూలువి కావు, మైదానంలో ఒక కుర్రాడు లేవకుండా పడి ఉంటే ఆ కాసేపూ ఏ టీమ్ పిల్లాడని మనసు అడగదు.

నౌకాదళం అకాడమీతో మ్యాచ్ ఒకటి చూడండి మీరు. రెండో ప్రపంచయుద్ధంలో పిల్లలంతా సైన్యంలోకి వెళ్లిపోయి నోటర్ డేమ్ ఖాళీ అయ్యే పరిస్థితి వస్తే, నౌకాదళం తన ఆఫీసర్ల శిక్షణ అక్కడ పెట్టి నిలబెట్టింది. ఆ కృతజ్ఞతతో, వాళ్లు కావాలన్నన్నాళ్లు ఏటా వాళ్లతో ఆడుతూనే ఉంది. 1964 నుంచి 2006 దాకా వరసగా 43 సార్లు నోటర్ డేమే గెలిచింది, 2007లో 46-44తో నౌకాదళం గెలిచింది. ఎవరు గెలిచినా, ఆట కాగానే రెండు టీములూ పక్కపక్కన నిలబడి ఒకరి గీతానికి ఇంకొకరు గౌరవంగా నిలుచుంటారు. నాకు అదే ప్రార్థనలా ఉంటుంది.

ప్రశ్న: అక్కా, మావారు అక్కడ ఎంబీయే చేశారు. టీమ్ ఓడితే ఇల్లు నరకం. పిల్లల ముందే టీవీ మీద అరుపులు, ఆదివారం మొత్తం మాటల్లేవు. 2025 డిసెంబర్లో ప్లేఆఫ్‌లోకి, అంటే జాతీయ టైటిల్ కోసం ఆడే చివరి పోటీల్లోకి, తీసుకోలేదని వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మీరూ అభిమానే కదా, ఆయనకి కాస్త చెప్పండి. — ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: మరిదిగారూ, ఇది మీకే. ఆ డిసెంబర్లో నాకూ బాధేసింది. ఆ సీజన్లో మొదటి రెండు మ్యాచ్‌లూ పోయాయి, మయామీ చేతిలో 27-24, టెక్సస్ ఏ అండ్ ఎమ్ చేతిలో 41-40. రెండూ కలిపి తేడా నాలుగు పాయింట్లు. ఆ రెండోదాంట్లో టచ్‌డౌన్ తర్వాత ఒక్క పాయింటు కోసం కొట్టే మామూలు కిక్‌కి బంతి సరిగ్గా పట్టుకోలేకపోవడం ఇప్పటికీ కళ్లముందు ఆడుతుంది. తర్వాత వరసగా పది గెలిచినా 12 జట్ల ప్లేఆఫ్‌లో చోటు దొరకలేదు. అయినా ఒక మాట, మయామీని తీసుకోవడంలో అన్యాయం లేదు, వాళ్లు మనల్ని ఎదురెదురుగా ఓడించారు. ఏ లీగ్‌లోనూ చేరకుండా స్వతంత్రంగా ఉండటమే నోటర్ డేమ్ గర్వం, లీగ్ టైటిల్ చేతిలో లేకుండా ప్లేఆఫ్ జట్లని ఎంచే కమిటీ ముందు నిలబడాల్సి రావడం ఆ గర్వానికి కట్టే ధర. ఆ తర్వాత అలిగినట్టు, ప్లేఆఫ్‌కి బయట సీజన్ చివర్లో ఆడే బౌల్ మ్యాచ్ కూడా వద్దనడం మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. చివరి ఏడాది కుర్రాళ్లకి ఇంకొక్కసారి ఆ హెల్మెట్ పెట్టుకునే అవకాశం పోయింది.

2024 సెప్టెంబర్ గుర్తుందా? సొంత మైదానంలో నార్తర్న్ ఇల్లినాయ్ చేతిలో 16-14తో ఓడితే ఇక సీజన్ అయిపోయిందన్నారు అందరూ. అదే టీమ్ ఆ తర్వాత వరసగా 13 గెలిచి జాతీయ ఫైనల్‌కి వెళ్లింది, అక్కడ ఒహాయో స్టేట్ చేతిలో 34-23తో ఓడింది. ఆ కుర్రాళ్లు 19, 20 ఏళ్లవాళ్లు. ఓడిన సోమవారం క్లాసుకి వెళ్లి కూర్చుంటారు. వాళ్లే లేచి నిలబడితే మీరు ఆదివారం పొద్దున పిల్లలకి దోసెలు పోయలేరా?

అరుపుల సంగతి మాత్రం ఖచ్చితంగా చెప్తున్నాను, మానెయ్యాల్సిందే. పిల్లలకి నోటర్ డేమ్ అంటే నాన్న కోపం అని గుర్తుండిపోతే వాళ్లు జన్మలో ఆ టీమ్‌ని ప్రేమించరు. స్టేడియంలో విద్యార్థులు చేసేది ఇంట్లో చేయించండి, టీమ్ స్కోర్ చేసినప్పుడల్లా అప్పటికి ఎన్ని పాయింట్లయితే అన్ని పుషప్స్. అక్కడ పక్కవాళ్లు ఎత్తి పట్టుకుంటే గాల్లోనే తీస్తారు. చిన్నవాణ్ణి మీరిద్దరూ పట్టుకోండి. 35 పాయింట్లు కొట్టిన రోజున ఎవరికీ అరిచే ఓపిక ఉండదు.

ప్రశ్న: షికాగోలో ఉంటాం. అమ్మానాన్న వస్తున్నారు, ఇద్దరూ శాకాహారులు. ఒక మ్యాచ్‌కి తీసుకెళ్లాలని ఆశ. సలహా? — ఒక పాఠకురాలు

జవాబు: సెప్టెంబర్లో తీసుకెళ్లండి. నవంబర్ చలికి పెద్దవాళ్లు ఆ బెంచీల మీద అంతసేపు కూర్చోలేరు. విద్యార్థుల గ్యాలరీ పక్కన టికెట్లు తీసుకోవద్దు, వాళ్లు ఆటంతా నిలబడే ఉంటారు, వెనకవాళ్లకి ఏమీ కనిపించదు. మ్యాచ్‌కి ముందు బ్యాండ్ వాయిస్తుంది, అది మాత్రం తప్పకుండా చూపించండి. నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే క్యాథలిక్ సేవాసంఘం వాళ్లు బయట కాల్చి అమ్మే స్టీక్ శాండ్‌విచ్‌కి పెద్ద క్యూ ఉంటుంది, డబ్బు దానధర్మాలకి పోతుంది, కానీ మీవాళ్లకి పనికిరాదు. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లి పార్కింగ్‌లో కారు డిక్కీ తెరిచి తినండి, చుట్టూ అందరూ చేసేది అదే. పక్క కారువాళ్లకి కాస్త పులిహోర పెడితే స్నేహం కుదిరిపోతుంది. స్టేడియంలోకి బయటి తిండి రానివ్వరు, బ్యాగ్ కూడా పారదర్శకంగా ఉండాలి.

కారు వద్దనుకుంటే షికాగో మిలీనియం స్టేషన్ నుంచి సౌత్ బెండ్ విమానాశ్రయం దాకా సౌత్ షోర్ రైలుంది. సౌత్ బెండ్ టైము షికాగో కంటే గంట ముందు, మ్యాచ్ టికెట్ మీద ఉండేది సౌత్ బెండ్ టైమే, దాన్నిబట్టి బయల్దేరండి.