తేమ లెక్క ఢిల్లీది, కాటా రాష్ట్రానిది

పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి: ఫలానా పని ఎవరు చెయ్యాలి, ఢిల్లీయా, అమరావతా? పౌరసరఫరాల శాఖలో డిప్యూటీ తహశీల్దారుగా చేసి రిటైరైన నాకు ఈ ప్రశ్న కొత్త కాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కళ్లాల దగ్గర రైతులు నన్ను అడిగింది ఇదే.

ప్రశ్న: మాది రామచంద్రపురం దగ్గర పల్లె. సార్వా (ఖరీఫ్) పంట కోసి, స్వర్ణ రకం ధాన్యం రోడ్డు మీద ఆరబోశాం. మబ్బు పట్టింది. రైతు సేవా కేంద్రంలో మిషన్ పెడితే తేమ 19 వచ్చింది. 17 దాటితే తీసుకోం, అది కేంద్రం రూలు అన్నారు. ఎంపీ గారి మనుషుల్ని అడిగితే కొనుగోళ్లు రాష్ట్రం పని అన్నారు. అసలు మా ధాన్యం ఎవరి చేతిలో ఉన్నట్టండీ? — ఒక రైతు, రామచంద్రపురం మండలం

జవాబు: మీకు ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ ఇద్దరూ సగమే చెప్పారు. ఆ సగం నిజాలతోనే రైతుని ఆఫీసుల చుట్టూ తిప్పుతారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో అధికారాల్ని మూడు జాబితాలుగా పంచింది. ఒకటి కేంద్రానిది, ఒకటి రాష్ట్రాలది, మూడోది ఉమ్మడిది. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో 14వ అంశం. కాలువలు, డ్రెయిన్లు, గట్లు 17లో ఉన్నాయి, సంతలూ మార్కెట్లూ 28లో. అంతవరకూ చదివితే చేను మొత్తం రాష్ట్రానిదే అనిపిస్తుంది. అయితే ఉమ్మడి జాబితాలో 33వ అంశం ఒకటుంది. 1954లో మూడో రాజ్యాంగ సవరణతో ఆహార పదార్థాల వ్యాపారం, సరఫరా, పంపిణీ అందులోకి వచ్చాయి. మరుసటి ఏడాదే నిత్యావసర సరుకుల చట్టం చేశారు. ఉమ్మడి జాబితా అంటే రెండు చేల మధ్య గట్టులాంటిది. ఇద్దరూ నడవొచ్చు. తగువొస్తే మాత్రం 254వ అధికరణం ప్రకారం మామూలుగా కేంద్రం చట్టమే నిలుస్తుంది. అంటే గింజ పైరు మీద ఉన్నంతసేపూ రాష్ట్రానిది, బస్తాలోకి దిగగానే కేంద్రం చెయ్యి కూడా పడుతుంది.

ఇప్పుడు మీ కళ్లంలోకి వద్దాం. మద్దతు ధర ప్రకటించేది కేంద్రం. 2025–26కి సాధారణ రకం క్వింటాలు 2,369 రూపాయలు, మన 75 కిలోల బస్తా లెక్కన దాదాపు 1,777. ఈ ధరకి వెనక చట్టమేమీ లేదు, అది కేంద్ర మంత్రివర్గం తీసుకునే నిర్ణయం. తేమ 17 దాటకూడదన్నదీ, తాలు, మట్టిబెడ్డ, రంగు మారిన గింజ ఇంతకు మించకూడదన్నదీ కేంద్రం పంపే ప్రమాణాలే. కొనేది మాత్రం రాష్ట్ర పౌరసరఫరాల సంస్థ. కొన్న ధాన్యాన్ని మిల్లుకి తోలి, క్వింటాలుకి 67 కిలోల పచ్చి బియ్యం చొప్పున కేంద్రానికి లెక్క అప్పజెప్పాలి.

ముడి అక్కడుంది. 19 శాతం తేమతో ఉన్న క్వింటాలు ధాన్యం 17కి ఆరేసరికి రెండు కిలోల పైచిలుకు తరుగుతుంది. అప్పుడు ఆ 67 కిలోల లెక్క తప్పుతుంది. ఆ తరుగుని కేంద్రం ఒప్పుకోదు, రాష్ట్ర సంస్థ మోయదు, మిల్లరు అసలే మోయడు. చివరికది కాటా దగ్గర నిలబడ్డ మీ నెత్తిన పడుతుంది.

తేమ మిషన్ గురించి ఒక మాట. రాశి పైనుంచి దోసెడు తీస్తే ఎండ తగిలిన గింజ కాబట్టి తేమ తక్కువ చూపిస్తుంది, అడుగునుంచి తీస్తే ఎక్కువ. రాశిని నాలుగైదు చోట్ల తవ్వి, తీసిన గింజని బాగా కలిపి, అందులోంచి గిన్నెలో పోసి మూత బిగిస్తేనే సరైన లెక్క. ఒక్క చోట తీసిన శాంపిలుతో మీ సరుకు వెనక్కి పంపితే, మళ్లీ తియ్యమని గట్టిగా అడగండి. మొహమాటపడొద్దు.

ఇక 17ని సడలించడం. ఆ అధికారం ఢిల్లీలో ఆహార మంత్రిత్వ శాఖది, కానీ దానికి ముందు రాష్ట్ర ప్రభుత్వం రాసి అడగాలి. అడిగితే బృందాన్ని పంపి శాంపిళ్లు తీయించి తేలుస్తారు. వానలు ముంచెత్తిన ఏడాదుల్లో తమిళనాడు ప్రభుత్వం ఇలాగే రాసి, కావేరి డెల్టా రైతుల ధాన్యాన్ని 17 దాటినా కొనిపించింది. మన డెల్టాని తడిపేదీ ఆ బంగాళాఖాతం వానే. కాబట్టి మీ అర్జీ ముందు జాయింట్ కలెక్టర్ గారికి వెళ్లాలి, జిల్లాలో కొనుగోళ్లు చూసేది ఆ సీటే. ‘తేమ సడలింపు కోరుతూ ప్రభుత్వానికి నివేదిక పంపవలసిందిగా’ అన్న వాక్యం అందులో తప్పకుండా రాయండి. నకలు ఎంపీ గారికి పంపండి. మళ్లీ రాష్ట్రం పని అంటే, కొనుగోలు రాష్ట్రానిదే గానీ సడలింపు ఢిల్లీదని చెప్పండి.

ఢిల్లీ కాదన్నా రాష్ట్రం చేతులు పూర్తిగా కట్టేసి లేవు. డ్రయ్యర్లు పెట్టించొచ్చు. సొంత డబ్బుతో బోనస్ ఇవ్వొచ్చు. తెలంగాణ 2024 సార్వా నుంచి సన్నాలకి క్వింటాలుకి 500 ఇవ్వడం మొదలుపెట్టింది. అయితే 2014లో కేంద్రం, బోనస్ ఇచ్చే రాష్ట్రాల నుంచి కేంద్ర నిల్వలకి తీసుకునేది తగ్గిస్తామని చెప్పింది. ఇది నాకు సమ్మతం కాదు. వ్యవసాయం రాష్ట్రానిదని రాజ్యాంగంలో రాసుకున్నాక, రాష్ట్రం తన సొమ్ము తన రైతుకిస్తానంటే అడ్డు చెప్పడం న్యాయం కాదు.

ప్రశ్న: మా కొబ్బరితోటకి కూతవేటు దూరంలో గ్యాసు బావి ఉంది, చేల కింద పైపులైను ఉంది. నేల మాది, భయం మాది. గ్యాసులో మాత్రం మాకు వాటా ఎందుకు లేదు? — ఒక గృహిణి, మామిడికుదురు మండలం

జవాబు: అమ్మా, 1995 జనవరిలో పాసర్లపూడి బావి ఎగదన్ని రెండు నెలలకు పైగా మండింది మీ మండలంలోనే. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో పైపులైను పేలి నిద్రలో ఉన్న మనుషులు కాలిపోయిందీ మీ మండలంలోనే. ఇలా అడిగే హక్కు మీకున్నంతగా ఇంకెవరికీ లేదు.

చట్టం ఇలా ఉంది. చమురు క్షేత్రాలు, ఖనిజ నూనెలు కేంద్ర జాబితాలో 53వ అంశం. రాష్ట్ర జాబితాలో కూడా 25వ అంశంగా ‘గ్యాస్’ అన్న మాట ఉంది. ఆ ఆధారంతో గుజరాత్ సొంతంగా గ్యాసు చట్టం చేసుకుంటే, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ 25వ అంశం ఫ్యాక్టరీల్లో తయారుచేసే గ్యాసుకే, భూమిలోంచి వచ్చే సహజవాయువు కేంద్రానిదే అని తీర్పిచ్చింది. డబ్బు విషయానికొస్తే, నేల మీది బావుల రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది. కాకినాడ తీరానికి అవతల లోతు సముద్రంలో తీసే గ్యాసు మీద రాయల్టీ కేంద్రానికే. సముద్రం అడుగున ఉన్నదంతా 297వ అధికరణం ప్రకారం కేంద్రానిది.

మరి రాష్ట్రానికి వచ్చిన రాయల్టీ మీ ఊరికి ఎందుకు చేరదు? బొగ్గో ఇనుమో తవ్వే జిల్లాల్లో ‘జిల్లా ఖనిజ నిధి’ ఉంటుంది. 1957 నాటి గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చింది. తవ్వేవాళ్లు రాయల్టీకి అదనంగా ఆ నిధికి జమకట్టాలి, గనుల వల్ల నష్టపోయిన ఊళ్లకే దాన్ని ఖర్చుపెట్టాలి. ఆ చట్టం ఖనిజ నూనెలకి వర్తించదు. అందుకని బొగ్గు జిల్లాకి ఉన్న హక్కు గ్యాసు జిల్లాకి లేదు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద బడికో ఆస్పత్రికో ఇస్తాయి, నిజమే. కానీ ఎక్కడ ఎంత ఇవ్వాలో తేల్చేది వాళ్ల బోర్డు, మీ గ్రామసభ కాదు.

దీన్ని మార్చగలిగేది పార్లమెంటు ఒక్కటే. చమురు, గ్యాసు జిల్లాలకీ అలాంటి నిధి ఉండాలని మీ గ్రామసభలో తీర్మానం చేయించి అమలాపురం ఎంపీకి పంపండి. పక్క ఊళ్ల చేత కూడా చేయించండి. మీరు మొదలుపెడితే తీర్మానం నమూనా నేను రాసిస్తాను.

ప్రశ్న: మురమళ్ల నుంచి ఎదుర్లంక వంతెన దాటి యానాంలో పెట్రోలు కొట్టించుకుంటాం, మన బంకుల్లో కంటే తక్కువ. ఒకే దేశం, ఒకే పన్ను అన్నారు కదా? — ఐ.పోలవరం మండలం నుంచి

జవాబు: సబ్బు కొనండి, పన్ను రెండు వైపులా ఒక్కటే. పెట్రోలు మాత్రం 2017లో వచ్చిన జీఎస్టీలోకి ఇంకా చేరలేదు. డీజిలు, ముడి చమురు, విమాన ఇంధనం, మీ కోనసీమలో దొరికే సహజవాయువు కూడా బయటే ఉన్నాయి. తాగే మద్యమూ అంతే. పెట్రోలు మీద కేంద్రం వేసేది వంతెనకి రెండు వైపులా సమానమే. పైన వేసే వ్యాట్ ఇటు ఆంధ్రది, అటు పుదుచ్చేరిది. 1954 వరకూ ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న యానాం ఇప్పుడు ఆ కేంద్రపాలిత ప్రాంతంలో భాగం.

జీఎస్టీ కౌన్సిల్లో కేంద్రం ఓటు విలువ మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మిగతా రెండు వంతులు. ఏ నిర్ణయమైనా నెగ్గాలంటే నాలుగింట మూడు వంతులు కావాలి. రాష్ట్రాలన్నీ ఒక్కటైనా కేంద్రం వద్దంటే ఏదీ కదలదు. తనకు తానుగా పెంచుకునే, తగ్గించుకునే పన్నులంటూ రాష్ట్రానికి మిగిలినవి పెట్రోలు, మద్యం, రిజిస్ట్రేషన్లు, బళ్ల పన్ను, ఇంకా ఒకటీ అరా. అందుకే భారమంతా వాటి మీద పడుతోంది. కేంద్రం పన్నుల్లో రాష్ట్రాలకి 41 శాతం వాటా అని 15వ ఆర్థిక సంఘం చెప్పింది గానీ, సెస్సులూ సర్‌ఛార్జీలూ ఆ పంపకంలోకి రావు. పెట్రోలు మీద కేంద్రం వేసేదాంట్లో ఎక్కువ భాగం అవే.

యానాం వాళ్లకేదో ఎక్కువ దక్కిందని మాత్రం అనుకోకండి. పుదుచ్చేరికి అసెంబ్లీ ఉన్నా, రాష్ట్ర జాబితాలోని అంశాల మీద కూడా అక్కడ పార్లమెంటు చట్టం చెయ్యొచ్చు. మనకి అలా కాదు.

ప్రశ్న: కోనసీమ జిల్లాని రాష్ట్రమే ఏర్పాటు చేసుకుంది. మరి రాష్ట్రాన్ని విడగొట్టేటప్పుడు అసెంబ్లీ మాట ఎందుకు చెల్లలేదు? — ఒక డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: జిల్లాల హద్దులు రాష్ట్రం ఇష్టం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు అలాగే వచ్చాయి. రాష్ట్రాల హద్దులు మూడో అధికరణం కింద పార్లమెంటువి. అసెంబ్లీ అభిప్రాయం అడగాలి, పాటించి తీరాలని లేదు. 2014 జనవరి 30న మన అసెంబ్లీ బిల్లుని తిరస్కరిస్తూ తీర్మానం చేసింది, ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. అమెరికాలో అయితే ఒక రాష్ట్రాన్ని దాని శాసనసభ ఒప్పుకోకుండా చీల్చడానికి వాళ్ల రాజ్యాంగం ఒప్పుకోదు. విడిపోవాలా వద్దా అన్న వాదన పక్కన పెట్టినా, ఆ కట్టుబాటు మనకీ ఉండాలన్నదే నా అభిప్రాయం.

ప్రశ్న: మా రోడ్డు గోతులకి ఎవరికి అర్జీ పెట్టాలి? — రాజోలు నుంచి

జవాబు: రోడ్డు పక్క కిలోమీటరు రాయి చూడండి. నెత్తిన పసుపు రంగుంటే జాతీయ రహదారి, మీ ఊరి మీదుగా పోయే 216 అలాంటిదే. దానికి 1033కి ఫోను చెయ్యొచ్చు. ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి, ఆర్ అండ్ బీ వాళ్లది. నారింజ రంగైతే కేంద్ర పథకం కింద వేసిన పల్లె రోడ్డు, పంచాయతీరాజ్ ఇంజనీర్లని అడగాలి. ఊళ్లో సిమెంటు రోడ్డుకి మీ పంచాయతీ. గొయ్యి ఫోటో తీసేటప్పుడు ఆ రాయి కూడా పడేట్టు తియ్యండి. ఏ రోడ్డో, ఏ కిలోమీటరో అందులోనే ఉంటుంది కనక ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపడం కష్టమవుతుంది.