సిస్టర్లు నడిపే బడిలో బోధన వేరుగా ఉంటుందా?

తిరుపతిలో క్యాథలిక్ సిస్టర్ల బడిలో పాపను చేర్చాలనుకుంటున్న ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. పాఠ్యపుస్తకాల్లో తేడా ఉండదు. రాష్ట్ర బోర్డు బడి అయితే చిత్తూరులోని ఏ రాష్ట్ర బోర్డు బడి పిల్లలైనా చదివేవి అవే. తేడా అంతా నడిపే తీరులోనే.

అదైనా అన్నిచోట్లా ఒకటి కాదు. జెస్యూట్లు అనే క్యాథలిక్ ఫాదర్ల సభవారు 1599లోనే తమ బడులన్నిటికీ ఒకే బోధన ప్రణాళిక రాసుకున్నారు. చెప్పిన పాఠాన్ని పిల్లల చేత మళ్లీ చెప్పించడం, జంటలుగా పోటీ పెట్టడం అందులోవే. విద్యార్థి అనుభవంతో మొదలై, ఆలోచన మీదుగా ఆచరణకు చేరాలన్నది వాళ్ల నేటి సూత్రం. 19వ శతాబ్దపు ఇటలీలో డాన్ బోస్కో అనే క్యాథలిక్ ఫాదర్ దారి మరొకటి. వివేచన, మతం, వాత్సల్యం ఆయనకు మూడు ఆధారాలు. తప్పు చేశాక దండించడం కన్నా, తప్పుకు తావివ్వకుండా టీచరు ఆటస్థలంలోనూ పిల్లల మధ్యే ఉండాలన్నాడు. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది, టీచర్లకు మాత్రం చాకిరీ! అందుకే బడిని నడిపేది ఏ సన్యాస సభవారో ముందు కనుక్కోండి.

ఇక మతం సంగతి. సాధారణంగా సత్యోపదేశం, అంటే క్యాథలిక్ మతబోధ, క్యాథలిక్ పిల్లలకే, మిగతావారికి నీతిపాఠాలు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లలను మతబోధకు గానీ ప్రార్థనకు గానీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 28(3) అధికరణ చెబుతోంది.