14 అడుగుల అల్యూమినియం బోటులో ఎంతమంది ఎక్కొచ్చు?

బోటు లోపల అతికించిన కెపాసిటీ ప్లేటు మీద ఎంతమంది అని రాసి ఉంటే అంతమందే, అదీ నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు మాత్రమే. అమెరికాలో 20 అడుగుల లోపు మామూలు మోటారు బోట్లకు తయారీదారు ఈ ప్లేటు పెట్టి తీరాలి. అందులో మనుషుల లెక్కతో పాటు మోటారు, సామాన్లు కలిపి మొత్తం బరువు పౌండ్లలో ఉంటుంది. ఐస్‌బాక్సు, పెట్రోలు డబ్బా కూడా ఆ బరువులోకే వస్తాయి.

కారణం సులువు. అల్యూమినియం బోటు తేలిక, అంచులు పొట్టి. నిండా ఎక్కితే అంచు నీటికి జానెడు ఎత్తులోకి దిగుతుంది. పిల్లాడి టోపీ నీళ్లలో పడిందని ఇద్దరు ఒకే పక్కకు వంగారా, ఆ పక్క నుంచి నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. అందుకే నిలబడటం, చోట్లు మారడం వద్దు.

పాత బోటుకు ప్లేటు ఊడిపోయిందనుకోండి. పొడవును వెడల్పుతో గుణించి 15తో భాగించాలి, రెండూ అడుగుల్లోనే. వెడల్పు 5 అడుగులైతే 14 × 5 = 70, దాన్ని 15తో భాగిస్తే 4.67. అంటే నలుగురు, ఐదుగురు కాదు.

చాలామంది సీట్లు లెక్కపెడతారు, ఇద్దరు పిల్లలు ఒక పెద్దమనిషితో సమానం అనుకుంటారు. బస్సు టికెట్టు లెక్క ఇక్కడ పనికిరాదు: చంటిబిడ్డ కూడా ఒక మనిషే. లైఫ్ జాకెట్టు సీటు కింద ఉంటే చాలనుకోవడమూ పొరపాటే. అమెరికాలో 13 ఏళ్ల లోపు పిల్లలు బోటు కదులుతున్నంతసేపూ దాన్ని వేసుకునే ఉండాలి. రాష్ట్రం వేరే వయసు పెడితే అదే వర్తిస్తుంది.