తాడు కట్టిన ఇసుక పక్కన గాలం వేసేవాళ్లకి

ఏప్రిల్ వచ్చి ఎండ కాస్త నిలబడగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, సముద్రంలో గాలం వేయాలంటే లైసెన్స్ కావాలా?" అని ఒకరు. "శాండీ హుక్‌కి వెళ్లాం, బీచ్‌లో చాలా భాగం తాడు కట్టేసి ఉంది, దాటితే ఏమవుతుంది?" అని ఇంకొకరు. "మా నాన్నగారు వచ్చారు, ఆయనకి గాలమంటే ప్రాణం, ఎక్కడికి తీసుకెళ్లమంటారు?" అని మరొకరు. న్యూజెర్సీ తీరం మీద చాలా ఏళ్లుగా చేపలు పడుతున్నాను కాబట్టి నన్నే అడుగుతారు. ఈసారి అందరికీ కలిపి రాస్తున్నాను.

లైసెన్స్ సంగతి తేలిక. ఉప్పునీటి చేపలకి న్యూజెర్సీలో డబ్బు కట్టి తీసుకునే లైసెన్స్ లేదు. 16 ఏళ్లు నిండినవాళ్లు రాష్ట్ర సాల్ట్‌వాటర్ రిజిస్ట్రీలో పేరు నమోదు చేసుకోవాలి. ఉచితమే, కానీ ఏటా కొత్తగా చేయాలి. మనల్ని చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకీ ఇది వర్తిస్తుంది. మంచినీటి చేపలకి మాత్రం లైసెన్స్ కొనాల్సిందే. అందరూ ఆశపడే స్ట్రైప్డ్ బాస్ 28 అంగుళాల నుంచి 31 అంగుళాల లోపు ఉంటేనే ఉంచుకోవాలి, మామూలుగా మనిషికి రోజుకి ఒక్కటి. 2023లో వచ్చిన కొలత ఇది. ఎర గుచ్చి పట్టేటప్పుడు సర్కిల్ హుక్, అంటే కొన లోపలికి తిరిగిన గుండ్రటి కొక్కెం, తప్పనిసరి. ఈ లెక్కలు మారుతుంటాయి, సీజన్ మొదట్లో రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ప్రకటించే నియమాలు ఒకసారి చదువుకోండి.

ఇక తాడు. అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

మార్చి మధ్యలో పైపింగ్ ప్లోవర్ అనే చిన్న పిట్ట దక్షిణం నుంచి ఈ తీరానికి వస్తుంది. బరువు 50 గ్రాముల పైచిలుకు. రంగు ఎండిన ఇసుక రంగు. గూడు కట్టదు. పోటు నీళ్లు అందని పొడి ఇసుకలో రొమ్ముతో చిన్న గుంట చేసి, అందులో మామూలుగా 4 గుడ్లు పెడుతుంది. గుడ్ల మీద చుక్కలు ఇసుకలో గులకల్లా ఉంటాయి. రెండడుగుల దూరంలో నిలబడి చూసినా కనపడవు. అట్లాంటిక్ తీరంలో ఈ పిట్ట 1986 నుంచి ఫెడరల్ చట్టం రక్షణలో ఉంది. లీస్ట్ టెర్న్, బ్లాక్ స్కిమ్మర్, అమెరికన్ ఆయిస్టర్‌క్యాచర్ కూడా ఇలా నేల మీదే, ఇదే ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆ కర్రలూ తాళ్లూ బోర్డులూ వీటి కోసమే.

చాలామంది అనుకునేదేమిటంటే, గుడ్డు తొక్కకపోతే చాలు, మనం చేసిన నష్టం ఏమీ లేదని. నష్టం అక్కడితో ఆగదు. మనిషి దగ్గరికొస్తే తల్లి గుడ్ల మీంచి లేచిపోతుంది. మే నెల చలిరాత్రి గుడ్లు చల్లబడిపోతాయి, జూన్ మధ్యాహ్నం ఆ ఇసుక మీద ఉడికిపోతాయి. పొదిగే కాలం దాదాపు నాలుగు వారాలు. పిల్ల పుట్టిన కొద్ది గంటల్లోనే నడుస్తుంది, కానీ నోట్లో ఎవరూ మేత పెట్టరు. తనే నీళ్ల అంచుకి పరిగెత్తి పురుగులు ఏరుకుని తినాలి. ఎగరడానికి ఇంకో నాలుగైదు వారాలు పడుతుంది. అంతవరకూ ఆ పిల్లకున్న వంటిల్లు తడి ఇసుకే. మనం కుర్చీ వేసుకుని గాలం గుచ్చి కూర్చునేదీ అక్కడే. మనం నాలుగు గంటలు కదలకుండా కూర్చుంటే పిల్లలు నాలుగు గంటలు ఇసుకగడ్డి చాటున ఆకలితో ఉండిపోతాయి. మనకి వాటి ఊసే తెలియదు.

నేను ఇది తెలిసి మొదలుపెట్టలేదు. ఇక్కడికొచ్చిన రెండో వసంతంలో ఒక బీచ్‌లో గాలివాటానికి నా ల్యూర్ (చేపని ఆకర్షించే కృత్రిమ ఎర) తాడు అవతల పడింది. ఖరీదైనది, పైగా నాలుగడుగులే కదా అని తాడు వంచి లోపలికి వెళ్లాను. ఒక పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నా ముందు పాకింది. పాపం దెబ్బ తగిలిందేమోనని దాని వెనకే రెండడుగులు వేశాను. దూరం నుంచి ఒక పెద్దావిడ, అక్కడి వాలంటీర్, గట్టిగా అరిచింది. "ఉన్నచోటే ఆగు. వచ్చిన అడుగుల మీదే వెనక్కి రా" అంది. బయటికొచ్చాక బైనాక్యులర్స్ ఇచ్చి చూపించింది. నా కుడికాలి గుర్తుకి జానెడు దూరంలో మూడు గుడ్లు. ఆ పిట్టకి దెబ్బేమీ తగల్లేదు. నన్ను గుడ్ల నుంచి దూరంగా లాగడానికి అలా నటిస్తుంది. ఆవిడ నన్ను తిట్టలేదు. నా ల్యూర్‌ని మాత్రం ఆగస్టులో తాళ్లు తీశాక ఇచ్చారు. ఆ మూడు గుడ్లు నాకు ఇప్పటికీ కళ్ల ముందు కనపడతాయి.

కాబట్టి రెక్క ఈడ్చే పిట్ట కనపడినా, టెర్న్‌లు తల మీదికి దూసుకొచ్చి అరుస్తున్నా, మీరు గూడుకి చాలా దగ్గరగా ఉన్నారని అర్థం. అక్కడ తాడు లేకపోయినా సరే. ఫోటో తీయడానికి ఆగకండి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి.

తాడు కొన్నిచోట్ల పైనున్న పొడి ఇసుకకే ఉంటుంది, తడి ఇసుకలో నడవనిస్తారు. కొన్నిచోట్ల నీళ్ల దాకా కట్టేస్తారు, లేదా బోర్డు మీద మొత్తం మూసేశామని రాస్తారు. "అలల అంచు అందరిదీ కదా" అని అక్కడ వాదించకండి. ఉదాహరణకి లాంగ్ బీచ్ ఐలాండ్ దక్షిణపు కొసన హోల్‌గేట్ ఉంది, ఫోర్సైత్ అభయారణ్యంలో భాగం. ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 31 వరకు అది మనుషులకి పూర్తిగా మూత. డెలావేర్ బే వైపు కొన్ని బీచ్‌లు మే 7 నుంచి జూన్ 7 వరకు మూసేస్తారు. అది రెడ్ నాట్ అనే వలస పిట్ట కోసం. దక్షిణ అమెరికా చివర నుంచి ఆర్కిటిక్‌కి పోయే దారిలో ఎముకల గూడులా దిగుతుంది, హార్స్‌షూ క్రాబ్ గుడ్లు తిని రెండు వారాల్లో దాదాపు రెట్టింపు బరువెక్కి లేస్తుంది. ఆ రెండు వారాల్లో మాటిమాటికీ ఎగరగొడితే తిన్నదంతా రెక్కల్లోనే ఖర్చవుతుంది. ఆ పీతల్ని న్యూజెర్సీలో 2008 నుంచి పట్టకూడదు, ఎరకి కూడా. తెరిచి ఉన్న బీచ్‌లో వెల్లకిలా పడింది కనపడితే పెంకు అంచు పట్టుకుని తిప్పండి, తోక పట్టుకోవద్దు.

హెచ్1బి మీద ఉన్నవాళ్లు అడిగే మాట ఒకటుంది, తాడు దాటినందుకు జరిమానా టికెట్ రాస్తే వీసాకి ఇబ్బందా అని. నేను లాయర్‌ని కాను. కానీ గ్రీన్‌కార్డ్ కోసం నింపే ఐ-485లో ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా, సైటేషన్ అందుకున్నారా అన్న ప్రశ్న ఉంటుంది. అలాంటిది వస్తే దాచకుండా మీ లాయర్‌కి చెప్పి, కాగితాలు జాగ్రత్త చేసుకోండి. అయితే ఆ టెన్షన్ వల్ల మాత్రమే తాడు దాటకుండా ఉంటే నాకు బాధే.

గాలం వేసే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఇది ఎవరూ చెప్పరు. సముద్రపు రాడ్ పది అడుగుల పైన ఉంటుంది. విసిరేటప్పుడు ఆ బరువు, కొక్కెం మీ వెనక అంత దూరం తిరిగొస్తాయి. తాడుని వీపు వెనక పెట్టుకుని నిలబడకండి. నీళ్ల మీద పిట్టలు గుంపుగా మునకలేస్తుంటే కింద బంకర్ చేపలున్నాయని, వాటి కింద పెద్ద చేపలున్నాయని మనకి ఆశ. నిజమే, కానీ ఆ గుంపు మధ్యలోకి విసిరితే ముందు చిక్కేది పిట్టే. గుంపు పక్కకి జరిగాక అంచున వేయండి.

అయినా ఒకోసారి పిట్ట చిక్కుతుంది. భయంతో లైన్ తెంపేయడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆ దారంతో ఎగిరిపోయి ఏ కొమ్మకో వేలాడి చచ్చిపోతుంది. నెమ్మదిగా చుట్టుకుంటూ దగ్గరికి తెచ్చుకోండి. తువ్వాలు తల మీద కప్పితే చీకటిపడ్డట్టు శాంతిస్తుంది. రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకోండి, ముక్కు పొడుస్తుంది, మీ ముఖానికి దూరంగా ఉంచండి. కొక్కెం చర్మానికే గుచ్చుకుంటే ముల్లు బయటికి వచ్చేదాకా ముందుకి తోసి, ముల్లుని కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించి వెనక్కి తీయాలి. కొక్కెం మింగేసి ఉంటే, లేదా కంట్లో, కీలులో ఉంటే లాగకండి. అట్టపెట్టెలో పెట్టి వైల్డ్‌లైఫ్ రిహాబిలిటేటర్‌కి ఫోన్ చేయండి. ఆ నంబర్ బీచ్‌కి వెళ్లేముందే ఫోన్‌లో వేసి పెట్టుకోండి. ముల్లు ముందే నొక్కేసిన కొక్కెం వాడితే ఈ పని చాలా తేలిక, చేప ఒకటీ అరా జారిపోయినా సరే.

తెగిన లైన్ ఒక్క ముక్క కూడా వదలొద్దు. ఆస్ప్రే గద్దలు దాన్ని పుల్లలతో పాటు ఏరుకెళ్లి గూట్లో పెడతాయి, పిల్లల కాళ్లకి చుట్టుకుంటుంది. చాలా పియర్‌ల దగ్గర లైన్ వేయడానికి తెల్ల పైపులు ఉంటాయి. లేకపోతే చిన్న ముక్కలుగా కత్తిరించి ఇంటికి తెచ్చి మూత ఉన్న చెత్తబుట్టలో వేయండి. గాలానికి బరువుగా కట్టే సీసం విషయంలో నా అభిప్రాయం ఇది: అలల్లో వాడే పెద్ద గుండ్లని పిట్టలు మింగలేవు, కానీ బఠాణీ అంత చిన్న సీసపు గుండ్లు పూర్తిగా మానేయండి. చలికాలంలో ఈ తీరానికొచ్చే లూన్ పక్షి ఒక్కటి మింగినా ప్రాణం పోతుంది. తగరంతో చేసినవి దొరుకుతాయి.

మిగిలిన ఎర, చేప పేగులు ఇసుకలో పాతిపెట్టి రావద్దు. ఆ వాసనకి నక్కలు, రకూన్‌లు, కాకులు, గల్స్ వస్తాయి, వచ్చినవి గుడ్లు తిని పోతాయి. పిల్లలు సరదాగా తవ్విన గుంటలు పూడ్చండి, ప్లోవర్ పిల్ల పడితే ఎక్కిరాలేదు. కొట్టుకొచ్చిన నాచుని పక్కకి తోయకండి, దాని మేత అందులోనే ఉంటుంది. గాలిపటం వద్దు, ఆ పిట్టల కళ్లకి అది పైన తిరిగే గద్ద. కుక్కని తాడు కట్టి అయినా ఆ చుట్టుపక్కలకి తేవద్దు.

ఇన్ని చెప్పి, మరి ఎప్పుడు పట్టమంటావు అంటారు. వసంతంలో బాస్ ఉత్తరానికి నడిచే కాలం, పిట్టలు గుడ్లు పెట్టే కాలం ఒక్కటే, అదే చిక్కు. కానీ చేప తీరమంతా తిరుగుతుంది. పిట్టకి ఉన్నది ఆ కాస్త ఇసుకే. అందుకే నేను ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు ఖాళీ ఇసుక బీచ్‌ల జోలికి పోను. రాళ్ల జెట్టీలు, మనాస్క్వాన్ ఇన్‌లెట్ గోడలు, పెర్త్ అంబోయ్, కీపోర్ట్ నీళ్ల ఒడ్డు, ఇవి చాలు. రారిటన్ బే చేపలు తినే విషయంలో రాష్ట్ర ఆరోగ్య హెచ్చరికలున్నాయి, ముఖ్యంగా గర్భిణులకీ పిల్లలకీ. చదివే వండుకోండి. నాన్నగారిని కూడా ఈ గోడల మీదకే తీసుకెళ్లండి, కూర్చోడానికీ హాయి. జెట్టీ రాళ్లు మాత్రం పాకుడు పట్టి ఉంటాయి, ఆయనకి పట్టున్న బూట్లు వేయించండి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటి వారాల దాకా బాస్ మళ్లీ దక్షిణానికి దిగుతుంది. అప్పటికి ప్లోవర్‌లు వెళ్లిపోయి ఉంటాయి, తాళ్లు తీసేసి ఉంటారు, శాండీ హుక్‌లో ఇసుకంతా నడవొచ్చు. వీసా గడువుకి నాన్నగారు సెప్టెంబర్‌లోనే వెళ్లిపోతున్నారంటే, వచ్చే ఏడాది టికెట్ జూలైకి కొనండి. నవంబర్ ఉదయం ఆయన్ని నేనే తీసుకెళ్తాను.