హంతకుడు ముందే తెలిసిపోతున్నాడంటే

మీ కథలో నాలుగో అధ్యాయానికే పాఠకులు హంతకుణ్ణి పట్టేస్తున్నారని, ఆధారాలు తగ్గిస్తే మోసం చేశారంటున్నారని రాశారు. ఆధారాలను తగ్గించవద్దు, ప్రతి ఆధారానికీ కథలో మరో పని అప్పగించండి.

మన నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల నేపథ్యంలో నేను రాసిన కథలో, రాత్రంతా ఏరేటర్ల (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాల) చప్పుడుకు నిద్ర పట్టలేదని కాపలాదారు చెబుతాడు. చీకట్లో నీటిలోని నాచు ప్రాణవాయువును ఇవ్వదు సరికదా తానే వాడుకుంటుంది కనుక, తెల్లవారుజాముకు నీటిలో ప్రాణవాయువు బాగా పడిపోతుంది. ఏరేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలి గట్ల వెంట చేరతాయి. ఆ దృశ్యాన్ని సాక్ష్యంగా కాక, పంట పోయిందని యజమాని భార్య గట్టు మీద కూలబడి ఏడ్చే సన్నివేశంగా రాశాను. చదివేవారి మనసు ఆమె అప్పుల మీదికి పోయింది. కాపలాదారు అబద్ధం అక్కడే బయటపడినా ఎవరూ గమనించలేదు.

నిజానికి మొదటి ప్రతిలో ఏరేటర్లను నేను పగలు మాత్రమే తిప్పాను. రొయ్యల రైతు ఇంట పుట్టిన నా భార్య ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, రెండు రోజులు నాతో ముభావంగా ఉంది; ఇంటి పనులు ఎగ్గొట్టి రాసేది ఇదా అన్నది ఆమె బాధ, అందులో న్యాయం లేకపోలేదు.

మీ కథలో హంతకుడైన అల్లుడి తడిసిన చెప్పులకు దొరికిపోవడం తప్ప వేరే పని లేదు. మన జిల్లాకు ఈశాన్య రుతుపవనాల వానలే ప్రధానం కనుక, కార్తీకమాసపు వ్రతం రోజున గడప ముందరి తడి చెప్పుల గుట్టలో వాటిని కలిపి, ఆ ఒక్క జతకే చవుడు మన్ను అంటనివ్వండి.